ముప్పై ఒక్క సొట్టలు

గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌లోని ఆ వర్క్‌షాపులో నాకప్పటికి అయిదో నెల. ఆరు నెలల ప్రొబేషన్ దాటితేనే ఉద్యోగం నిలుస్తుంది, దాంతోపాటు వీసా. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి కాబట్టి ఏ బండి లోపలికొచ్చినా ముందొక లిస్టు రాసేవాణ్ణి.

ఆ జూలైలో ఒక పాత అమెరికన్ కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, వచ్చింది. దాన్ని కొన్న అరబ్బు పెద్దమనిషి అల్ ఐన్‌లో తన తోటలో పెట్టుకుంటాడట. ఒళ్లంతా అల్యూమినియం రేకే, ఎండకు బూడిదరంగుకు తిరిగింది. అద్దంలా మెరవాలన్నాడు. పాలిష్ పట్టడం అమలాపురం బాబాయి వంతు. బంధువు కాడు, వయసుని బట్టి ఆ పిలుపు. నాణ్యత చూడటం నా వంతు.

తిరిగే ఉన్ని చక్రానికి పాలిష్ ముద్ద పూసి రుద్దితే ముందు నల్లటి మడ్డి వస్తుంది. తుడిస్తే రేకులో మన ముఖం కనిపిస్తుంది. మూడో రోజుకి కుడిపక్కంతా మెరిసింది. ముఖాలతోపాటు సొట్టలూ కనిపించాయి. ముప్పై ఒకటి. ఒక్కోదాని లోతు, వెడల్పు, తలుపు నుంచి దూరం రాసి, సంతకం పెట్టి, ముదీర్ బల్ల మీద పెట్టాను. ముదీరంటే మా మేనేజరు. కరీంనగర్ మనిషి.

ఆయన రెండుసార్లు చదివాడు.

"బండి వచ్చిననాడు రాసిన లిస్టుల సొట్టలెన్ని?"

"సున్నా సార్."

"గిప్పుడు ముప్పై ఒకటి. దస్కత్ నీదే. రేపు బండి మాలిక్ వస్తడు, ఆయనకు నువ్వే చెప్పుకో. ఆ తర్వాత ఖలాస్."

ఖలాస్ అయ్యేది ఏమిటని అడగలేదు.

బాబాయి పడీపడీ నవ్వాడు. "తప్పొప్పుకుంటా ఇంత నీటుగా రాసినోణ్ణి నేనెక్కడా చూళ్లేదండి ఇంజనీరు గారూ. మిల్లీమీటర్లతో సహా!"

"అవి పాతవే బాబాయ్. రేకు మాసి ఉన్నన్నాళ్లూ కనబళ్లేదు."

"ఆయ్. ఆ ముక్క లిస్టులో ఏదండి మరి? రేపు బకెట్టుతో నీళ్లెట్టుకోండి."

మర్నాడు బండి యజమాని రాగానే బాబాయి ఆ బకెట్టు ఎత్తి, ఇంకా ముట్టని ఎడమపక్క మీద కుమ్మరించాడు. తడిసిన రేకు ఒక్కసారి మెరిసి, సొట్టలన్నీ పైకి తేలాయి. యజమాని ఒకదాంట్లో వేలు పెట్టి చూశాడు. నిమిషంలో ఎండకి నీళ్లారిపోయాయి, సొట్టలూ మాయమయ్యాయి. ఇంకో బకెట్టు పొయ్యమన్నాడు. అలా నాలుగు పోయించుకున్నాడు. ఎడమపక్క ఇరవై ఆరు లెక్కకొచ్చాయి. రాసుకోలేదు.

చివరికి ఆయన ఎడమపక్క చూపించి "ఖలాస్" అన్నాడు. ఇక దాన్ని ముట్టుకోవద్దని. తోటలో కారవాన్‌ని నిలిపినప్పుడు, మేం మూడు రోజులు మెరిపించిన పక్కని గోడవైపుకి తిప్పించాడని తర్వాత తెలిసింది.

నా ఉద్యోగం ఖాయమైంది. ముదీర్ షరతు ఒకటే: నేను సంతకం పెట్టిన కాగితం ఏదీ ఇకమీదట తన బల్ల మీద కనబడకూడదు. ఆ మాట చెప్పి, ఉద్యోగం ఖాయమైన కాగితం మీద నా చేత మూడు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు.