గుమ్మం దాకా నడిచిన బేరం

మా నాన్నది తెనాలిలో బట్టల కొట్టు. బేరం కుదరక లేచి వెళ్ళే మనిషిని గుమ్మం దాటనివ్వకూడదన్నది అక్కడి ధర్మం. ఆ ఒక్క చదువుతోనే, ఐటీ ఊపు మీదున్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. హాకర్ సెంటర్ తిండి కొట్లలో చేపముక్క సైజు దగ్గర కూడా బేరమాడి, ఆఫీసు వాళ్ళ నవ్వులపాలైనవాణ్ణి.

బుకిట్ బటోక్‌లో నేను అద్దెకున్న గది ఒక తెలుగు పెద్దాయన ఫ్లాట్‌లోది. ఆయన పుట్టింది సముద్రం అవతల ఇంకో దేశంలో. తాతలు బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారట. ఏ దేశమో రాయొద్దన్నారు, రాయను. అక్కడ తిరుగుబాటు యుద్ధం నడుస్తుండగా, గెలుస్తున్నవాళ్ళు ఒక చట్టం తెచ్చారు. పాత ప్రభుత్వానికి విధేయులైనవాళ్ళు కొత్తవాళ్ళకు ప్రమాణం చేయాలి, లేదా దేశం విడిచిపోవాలి. మళ్ళీ అడుగుపెడితే జైలు. ఈయన భూముల ఆఫీసులో గుమాస్తా. "ఒకసారి ప్రమాణం చేసిన నోరే కదా, అదే నోటితో ఇంకోటా?" అన్నారట. ఒక ట్రంకుపెట్టెతో ఓడెక్కించారు. పెళ్ళయిన చెల్లెలు అక్కడే మిగిలింది.

ముప్పై ఏళ్ళ తర్వాత, ఆ చెల్లెలు మంచం పట్టిందని ఉత్తరం వచ్చింది.

"ఒక్కసారి దాని మొహం చూసొస్తే చాలు. నువ్వు మాటకారివి, తోడు రావయ్యా షావుకారూ," అన్నారు అంకుల్.

శుక్రవారం ఆ దేశపు రాయబార కార్యాలయానికి వెళ్ళాం. కిటికీ వెనకున్న అధికారి ఒక కాగితం తోశాడు. 'నేను ప్రజల శత్రువును. నా నేరానికి క్షమాపణ కోరుతున్నాను.' సంతకం పెడితే రెండు వారాలు ఉండి రావడానికి అనుమతి. అంకుల్ కాసేపు కళ్ళు మూసుకుని, జేబులోంచి కలం తీశారు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"శత్రువు చాలా పెద్ద మాట సార్. ఈయన చేసింది గుమాస్తా పని. 'పొరబడ్డాను' అని మార్చండి," అన్నాను.

అధికారి లోపలికెళ్ళి వచ్చాడు. "శత్రువు తీసేస్తాం. నేరం ఉంటుంది. సంతకం ఇవాళే పెట్టాలి."

అంత తొందరగా దిగాడంటే ఇంకా దిగుతాడు. నాకు తెలిసిన లోకమంతా అదే చెప్పింది.

"లేవండి అంకుల్. పిలుస్తాడు చూడండి."

"పిలవకపోతే?"

"పిలవకుండా ఎక్కడికి పోతాడు? మెల్లగా నడవండి."

నడిచాం. గుమ్మం దగ్గర వంగి, ఊడని బూటు లేసు మళ్ళీ కట్టుకున్నాను. వెనక నుంచి పిలుపు వినిపించింది. తర్వాతి టోకెన్ నంబరుకి.

సోమవారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి అంకుల్, ఆ రోజు వెంట తెచ్చుకున్న పాత కాగితం మీదే ఇంటి దగ్గర సంతకం పెట్టుకొచ్చారు. కిటికీలో వేరే మనిషి ఉన్నాడు. ఆ వెసులుబాటు శుక్రవారంతో అయిపోయిందన్నాడు.

అంకుల్ కాగితాన్ని అద్దం కిందనుంచి తోశారు. వచ్చీరాని ఇంగ్లీషులో, "చూడండి సార్, శత్రువనే ఉంది. ఒక్క మాట మార్చలేదు," అన్నారు.

అతను చదవకుండానే వెనక్కి తోశాడు.

ట్రైన్‌లో తిరిగొస్తున్నాం. అంకుల్ అడిగారు: "మీ కొట్లో ఎన్ని అడుగులకు పిలిచేవాళ్ళయ్యా?"

"నాలుగైదు అడుగులకు అంకుల్."

"నేను ముప్పై ఏళ్ళు నడిచాను కదా," అని కిటికీ వైపు తిరిగారు.

నెల తిరక్కుండానే చెల్లెలు పోయిందని కబురొచ్చింది. ఆయన నన్నొక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది. తిట్టుకైతే ఎదురుతిట్టు ఉంటుంది, బేరం నడుస్తుంది.

గది ఖాళీ చేసే రోజు టీవీ కింద సొరుగులో ఆ కాగితం కనిపించింది.

"చించేయనా అంకుల్?"

"చించితే ఏమొస్తుంది? సంతకం పెట్టేశాగా," అన్నారు. "అన్నేళ్ళు పెట్టనిది, దాని మొహం చూడ్డానికి పెట్టాను. మొహమూ చూళ్ళేదు."

సొరుగు మూసి, నా సూట్‌కేసు ఆయనే గుమ్మం దాకా మోసుకొచ్చారు. వెళ్ళొస్తానన్నాను. లిఫ్టు దాకా మెల్లగానే నడిచాను.