దొరను యమునలో ముంచిన సాయంత్రం

కిందటి చలికాలం మొదట్లో బ్నీద్ అల్ గార్‌లో ఒక కువైటీ పెద్దావిడకు పుస్తకాలు చదివి వినిపించే పనిలో చేరాను. పనివాళ్లమంతా ఆమెను మామా, అంటే అమ్మా, అని పిలిచేవాళ్లం. ఆమెకు చూపు మందగించింది. చిన్నతనం బొంబాయిలో గడిచింది కనుక హిందీ బాగా వచ్చు. ఇంగ్లీషు పుస్తకం చూస్తూ హిందీలో చెప్పడం నా పని. దీనికొక పద్ధతుంది. మర్నాటి భాగం ముందే చదువుకోవాలి, కష్టమైన మాటల కింద పెన్సిలుతో గీసుకోవాలి, వినేవారి ముఖం చూసి ఆగాలి. ఆ చివరిది నాకు చేతకాలేదు. సిగ్గుతో తలెత్తేదాన్ని కాదు. నా గొంతు పక్క కుర్చీ దాటేది కాదు.

అప్పుడు చదువుతున్నది కంపెనీ కాలంనాటి ఒక ఇంగ్లీషు అధికారి ఉత్తర హిందూస్థాన ప్రయాణం. "అమ్మ నీ చదువుకు నిద్రపోతోంది. ఎడారి నుంచి రాగానే నీ పని ఖలాస్" అని ఆమె కూతురు చెప్పేసింది. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కూడా పోతుంది.

చలికాలంలో ఆ కుటుంబం ఎడారిలో డేరాలు వేసుకుని ఉంటుంది. ఆ సాయంత్రం చుట్టాల ఆడవాళ్లంతా చేరారు. గాలికి డేరా గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. నేను మొదలుపెట్టానో లేదో, పక్కనున్న వంట డేరాలోంచి ఆ ఇంటి వంటమనిషి కడప రమణమ్మక్క కేకేసింది.

"ఏం మే, దొర చెవిలో గుసగుసలు చెప్తాండావా? నాకొక్క ముక్క ఇనపడలా!"

"యమున మధ్యలో ఏనుగు పడుకుందక్కా!" అని అరిచాను. అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు.

"మరి పైనుండే దొర?"

"మునిగినాడు! టోపీ ఒకటే తేల్తాంది!"

"వంటోళ్లు యాడుండారు?"

"అవతలి గట్టున. డేరాలు ముందే పోయినాయి!"

"అట్లయితే ఆయప్పకు ఈ పూట పస్తే! మామా తెలివిగల్ది, నన్ను ఎంటబెట్టుకోనొచ్చె!"

ఏమిటా గొడవ అని మామా అడిగింది. అదే గొంతుతో హిందీలో చెప్పాను. ఆమె చేతిలో టీ ఒలికేలా నవ్వింది. ఆడవాళ్లు దొరను మళ్లీ ముంచమన్నారు. ఈసారి తలెత్తి చూశాను. టోపీ దగ్గర ఒక్క క్షణం ఆగాలని వాళ్ల ముఖాలే చెప్పాయి. మూడుసార్లు ముంచాను.

"ఈ పిల్ల ఎక్కడికీ పోదు" అని మామా కూతురితో అంది.

ఇంటికి తిరిగొచ్చాక మా కుర్చీలు వంటింటి గుమ్మం దగ్గరికి మారాయి. హిమాలయాల దాకా ప్రతి మజిలీలోనూ దొరగారి భోజనానికి రమణమ్మక్క వంకలు పెట్టింది. ఆ పుస్తకం పూర్తయింది. ఇప్పుడు నేను మిర్కాబ్‌లో వేరే పని చేస్తున్నాను. చదివి వినిపించడం గురించి నేను నేర్చుకున్నది ఇంతే: అందరికన్నా దూరాన ఉన్న మనిషిని ఉద్దేశించి చదవాలి. అప్పుడు దగ్గరున్నవారు నిద్రపోరు.