హోల్గర్‌ని ‘మీరు’ అన్న రోజు

శాసనసభకు రెండోసారి ఎన్నికై సగం కాలం గడిచాక, ఒక మార్చి నెల మొదటి సోమవారం నేను నగర పోలీసు ప్రెసిడెంటుగా బాధ్యతలు తీసుకున్నాను. జర్మనీలో పోలీసు వ్యవస్థ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ప్రెసిడెంటంటే మన కమిషనరు లాంటి పదవి. యూనిఫాంలో కింది నుంచి ఎదిగినవారే కానక్కర్లేదు, చట్టమూ పాలనా తెలిసినవారిని కూడా నియమిస్తారు. నేను లాయర్ని. హోం వ్యవహారాల సంఘంలో కూర్చుని ఏళ్ళ తరబడి పోలీసు బడ్జెట్లను చీల్చి చెండాడినదాన్ని. అయినా ఆఫీసు కారిడార్లలో నా పేరు ‘పార్టీ పార్సిల్’. ఆ మాట నాదాకా వచ్చింది. పైకి నవ్వేశాను గానీ లోపల గుచ్చుకుంది.

మా అమ్మ బాపట్ల నుంచి స్టుట్‌గార్ట్‌కి నర్సుగా వచ్చింది, నన్ను చంకనేసుకుని. కొత్త పదవి కబురు చెప్పగానే, “సభలో హాయిగా అరుచుకోక ఆ పోలీసోళ్ళ మధ్యన నీకేం పనే?” అంది. ఆ ఆదివారం చర్చిలో కనబడ్డ ప్రతివాళ్ళకూ మాత్రం చెప్పుకుంది.

పదవి తీసుకోగానే శాసనసభ సీటు వదులుకోవాలి. పైగా మా రాష్ట్రంలో అది ‘రాజకీయ అధికారి’ కోవలోని ఉద్యోగం. అంటే కారణం చెప్పకుండా మంత్రి ఏ రోజైనా ఇంటికి పంపవచ్చు.

ఆ వేసవిలో ఒక శనివారం నది వంతెన మీద పెద్ద ఊరేగింపు జరిగింది. బందోబస్తు దళానికి అధికారి క్రేమర్, ఆ పనిలోనే తల నెరిసిన మనిషి. ఆయన ఊరేగింపుని వంతెన మధ్యలో ఆపేసి, ముందు వరుసలోని వాళ్ళని చేతులతో వెనక్కి నెట్టాడు. ఆ వరుసలో మా పార్టీ యువజన విభాగం నాయకురాలు ఉంది. సాయంత్రానికల్లా ఆ వీడియో అందరి ఫోన్లలోకి ఎక్కింది.

సోమవారం పొద్దున క్రేమర్ నా ఎదురుగా కూర్చుని నివేదిక మొదలుపెట్టాడో లేదో, హోల్గర్ ఫోన్ చేశాడు. హోల్గర్ సభలో మా పార్టీ పక్ష నాయకుడు. నాకు మొదటి టికెట్ ఇప్పించినవాడు. జర్మన్‌లోనూ మనకిలాగే నువ్వు, మీరు వేరువేరు. మా పార్టీలో అందరూ ‘నువ్వు’ అనే అనుకుంటారు. మా ఇద్దరిదీ ఏళ్ళనాటి ‘నువ్వు’.

క్రేమర్ మర్యాదగా లేవబోయాడు. కూర్చోమని సైగ చేశాను.

“ఆ మనిషిని ఇవాళే ఆ పోస్టులోంచి తీసెయ్. నీకు ఒక్క సంతకం పని. రేపు మంత్రి దగ్గర నీ తరఫున మాట్లాడటానికి నేనుండాలా, వద్దా?” అన్నాడు హోల్గర్.

చిన్నప్పుడు నా మీద బాగా కోపం వస్తే మా అమ్మ కొట్టేది కాదు. “అలాగేనండీ, తమరి ఇష్టం” అనేది. దెబ్బకన్నా ఆ ‘అండీ’కే నాకు ఎక్కువ ఏడుపొచ్చేది. ఆ క్షణంలో అది గుర్తొచ్చింది.

“హోల్గర్ గారూ, మీరు ఫిర్యాదు రాసి పంపండి. విచారణకి పంపిస్తాను. అది తేలేదాకా అధికారి తన పోస్టులోనే ఉంటారు” అన్నాను.

“నువ్వు నన్ను ‘మీరు’ అంటున్నావా?”

“అవునండీ. ఈ కుర్చీలో ఉన్నంతకాలం.”

ఫోన్ పెట్టేశాక భయం వేసింది, దాచుకోవడమెందుకు. క్రేమర్ ఏమీ విననట్టే నివేదిక ముగించాడు. అంతవరకూ నన్ను ఇంటిపేరుతో పిలిచే మనిషి, తలుపు దగ్గర ఆగి “వస్తాను, మేడమ్ ప్రెసిడెంట్” అన్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్ళేసరికి సంగతి అందరికీ తెలిసిపోయినట్టే ఉంది. ‘పార్సిల్’ అన్న మాట మళ్ళీ నా చెవిన పడలేదు. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది.

విచారణలో తేలిందేమంటే, వంతెన అంచున ఉండే రక్షణ కమ్మీ ఒకచోట ఊడి వేలాడుతోంది. క్రేమర్ ఆ పిల్లల్ని నెట్టింది దాని దగ్గర్నుంచి. యువజన నాయకురాలు కూడా అదే వాంగ్మూలం ఇచ్చింది. కొన్నాళ్ళు మంత్రిత్వశాఖ నుంచి వచ్చే ఫోన్లు ముభావంగా ఉండేవి. నన్ను ఇంటికి మాత్రం పంపలేదు.

హోల్గర్ ఆ తర్వాత ఎక్కడ కలిసినా ‘మీరు’ అనే అన్నాడు, ఒక్కసారి కూడా తప్పలేదు. అతనిలో నేను మెచ్చుకున్నది అదే.

నా పదవీ విరమణ రోజున మా అమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. ఇంకా సభ మొదలుకాలేదు. హోల్గర్ దగ్గరికొచ్చి, “ఇక ‘నువ్వు’ అనొచ్చాండీ?” అని అడిగాడు.

“విరమణ పత్రం ఇంకా చేతికి రాలేదండీ. కాస్త ఆగండి” అన్నాను.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒక్కటే. అడిగేది ఎవరైనా సరే, జవాబు చెప్పాల్సింది పదవి. పదవికి స్నేహితులుండరు. దిగాక మనకి ఉంటారు, వాళ్ళూ మాట నిలుపుకునే మనుషులైతే.

మంత్రి చేతి నుంచి పత్రం అందుకుని వేదిక దిగాను. హోల్గర్ అక్కడే నిలబడి ఉన్నాడు.

“ఊఁ, ఇప్పుడు చెప్పు హోల్గర్, ఎలా ఉన్నావు?” అన్నాను.