ఆరగూడదన్న దీపం

రాండి, ఇట్లా దగ్గరికొచ్చి కూసోండి, ఒక సంగతి చెప్తా. మా ఇంటాయన పోయినాక ఆయన కారు జమ్మలమడుగులో మా వాకిట్లో అట్లే నిలబడిపోయింది. నెలకొకసారి నన్ను పులివెందుల ఆస్పత్రికి తీసకపోయేదానికి పక్కింటాయప్ప వచ్చి తాళం తిప్పితే, ఉలకదు, పలకదు. కొత్త బ్యాటరీ ఏసినా రెండు వారాలకే చచ్చిపాయ.

ప్రొద్దుటూరు నుంచి మెకానిక్కును పిలిపిస్తిమి. ఆయన వేరే బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేసి, మీటరు పెట్టి చూసినాడు.

"పద్నాలుగు వోల్టులు చూపిస్తాంది పెద్దమ్మా, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు బాగుంది. బండి ఆపినాక ఏందో కరెంటు తాగేస్తాంది."

ఇంజను ఆపి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకినాడు. అయినా కరెంటు పోతానే ఉంది. ఆఖరికి కారులో దేవుడి పటం ముందరుండే ఎర్రబల్బు తీగ పీకితే మీటరు సున్నాకొచ్చె.

"దీన్ని నేరుగా బ్యాటరీకే కలిపిన మొనగాడు ఎవరు పెద్దమ్మా?"

"మా ఆయనే నాయనా, దేవుడి దీపం ఆరగూడదని."

ఆయన దినామూ బాడుగకు తిప్పుతాంటే బ్యాటరీ దానంతటదే ఛార్జి అయ్యేది. ఇప్పుడు తిప్పేవాళ్ళేరి?

"పీకేద్దునా?"

పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు ఆ వెలుగు చూసి, ఆయన సీట్లో ఉన్నట్టే అనుకుంటాంటి.

"పీకొద్దు, స్విచ్చి పెట్టు," అంటి.

ఆ దినం నేనే దాన్ని ఆర్పినా. చెయ్యి శానాసేపు స్విచ్చి మీదనే ఉండిపాయ. ఇప్పుడు పొద్దున కాసేపు ఏసుకోని, పక్క సీట్లో కూసుంటా.

మీ ఇండ్లల్లో దీపం ఆర్పేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాల, మీరంతా సల్లగుండాల.