మా బావ పెద్ద కోత, మా బిడ్డ చిన్న గాట్లు

మా అక్క భర్త, నాకు బావ, పోయిన వారం రామకృష్ణాపూర్‌లో కన్నుమూశాడు. పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకున్న మనిషి మళ్లీ లేవలేదని అక్క ఫోన్‌లో చెప్పింది. ఏడ్చాను. కానీ ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. ఆయన నిండుగా బతికాడు, ఎవరితోనూ చేయించుకోకుండా పోయాడు. ఈరోజు నా బిడ్డ నా కళ్ల ముందు చకచకా తిరుగుతోందంటే, ఆయన దయ. ఎంత చెప్పినా నా సంతోషం తీరదు.

బావా నేనూ బొగ్గుబాయిలో పనిచేసిన వాళ్లమే. ఎండాకాలం వస్తే ఆయన చొక్కా విప్పి వాకిట్లో కూర్చునేవాడు. కుడి డొక్క కింద జానెడు కోత. వయసులో ఉండగా పిత్తాశయంలో రాళ్లు పడితే, కడుపు కోసి ఆ సంచిని తీసేశారు. పిల్లలు అడిగితే "పులి గీరింది" అనేవాడు. మిర్చి బజ్జీలు తింటుంటే అక్క కసిరేది. "రాళ్లు పడే సంచే లేదు, ఇంకేం ఫికర్?" అని ఇంకొకటి అందుకునేవాడు.

మొన్న చలికాలంలో మా బిడ్డకు అదే జబ్బు వచ్చింది. నేను పని మానేశాక నా ఉద్యోగం వారసత్వంగా తనకు వచ్చి, అప్పుడే వర్క్‌షాపులో చేరింది. కడుపు పట్టుకొని డ్యూటీ నుంచి వచ్చేది. డాక్టరమ్మ చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ తీస్తామంది. నేను ససేమిరా అన్నాను. బావకు కోసి తీశారు, దిట్టంగా ఉన్నాడు, అట్లాగే చేయాలన్నాను. "కొత్త నౌకరీ బాపూ, అన్నన్ని రోజులు నాగా పెడితే ఎట్ల?" అని బిడ్డ మాత్రలు మింగుతూ వాయిదా వేసింది. నొప్పి ముదురుతోంది. నా పక్షాన మాట్లాడతాడని బావను పిలిపించాను.

వచ్చీరాగానే, "ఏంది బామ్మర్ది, నా కోత చూపెట్టి పిల్లను బెదిరిస్తున్నవట?" అన్నాడు.

"చిన్న పొక్కలకెళ్లి లోపల ఏం కనవడతది బావా? నువ్వు మంచిగున్నవు గద!"

"మంచిగున్ననా? మీ అక్కనడుగు. దగ్గొస్తే దిండు కడుపుకు అదుముకొని దగ్గేటోన్ని. నువ్వు నవ్విస్తే నిన్ను కొట్టబుద్ధయ్యేది, కుట్లు గట్ల గుంజుతుండె. నెలల కొద్ది నాగాలు. తర్వాత ఆ కోతకాడనే పేగు జారి మళ్ల కోసిన్రు."

రెండో ఆపరేషన్ సంగతి నాకు తెలుసు. అది మొదటి కోత వల్ల వచ్చిందని మాత్రం ఆ రోజే తెలిసింది.

"నెత్తిమీద లైటు పెట్టుకొని చిన్న దారుల దూరి మనం బొగ్గు తేలేదా? పైన పొలం గట్లనే ఉండె. ఓపెన్ కాస్టుల అయితే పైనుంచే ఊరినే తవ్విపోస్తరు. బిడ్డ కడుపును ఓపెన్ కాస్టు చేస్తవా?"

బిడ్డ పకపకా నవ్వింది. చిన్న గాట్లకే నేను సరే అన్నాను.

దవాఖానలో సంతకం పెట్టించుకుంటూ డాక్టరమ్మ, లోపల వాపుండి సరిగా కనబడకపోతే అప్పటికప్పుడు కోయాల్సి రావచ్చంది. నా చెయ్యి ఆగిపోయింది. బావ నా భుజం తట్టాడు. "బాయిల తొవ్వ కనవడకపోతే మొండిగ ముందుకు పోతమా? ముందే గట్ల చెప్పేటామెనే నమ్మాలె. పెట్టు."

కోయాల్సిన అవసరం రాలేదు. మర్నాడే బిడ్డ నడిచి ఇంటికొచ్చింది! త్వరలోనే డ్యూటీకీ వెళ్లింది. వీధంతా మిఠాయి పంచాను. అందరికీ ఇట్లాగే అవుతుందని నేను అనను, అది డాక్టర్లు చెప్పాల్సిన మాట. గాట్ల మీద వేసిన చిన్న చిన్న పట్టీల సంగతి విని బావ నోరు తెరిచాడు. "గింతేనా కోడలా? నాకేసిన కుట్ల దారంతోని మంచం అల్లొచ్చు!"

బావకు కొడుకులు లేరు. పాడె ఎత్తే సమయానికి ముగ్గురు అల్లుళ్లు నిలబడ్డారు. నాలుగో పక్కకు మా బిడ్డ వచ్చింది. "ఆపరేషన్ అయిన పిల్ల, బరువెత్తద్దు" అని ఎవరో పెద్దాయన అడ్డం వచ్చాడు.

"ఎత్తొచ్చని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది కాకా. మా మామను నేను మోస్త."

అందరూ నా వైపు చూశారు.

"మోయనియ్యుండ్రి" అన్నాను.

చున్నీ నడుముకు బిగించి భుజం పెట్టింది. డప్పులు మోగాయి. కాలనీ రోడ్డు మీద, ఎండలో, నా ముందు నా బిడ్డ వీపు నిటారుగా సాగిపోతోంది.