చిలకలంక మీద పసుపు గీతలు

చిలకలంక రేవులో మహాలక్ష్మమ్మ పడవ ఎక్కాలంటే ముందు రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఎవరింటికి? ఏం పని మీద? కొత్తల్లుడైనా, కరెంటు మీటరు చూసే మనిషైనా చెప్పాల్సిందే. ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన, గోదావరి మధ్యలో ఉన్న ఆ లంకకి వంతెన లేదు. నూట ఇరవై గడప. అరటి, కంద, దొండపాదులు, ఒడ్డు వార కాస్త పొగాకు. ఊళ్లోకి ఏది రావాలన్నా, ఊళ్లోంచి ఏది పోవాలన్నా ఆవిడ పడవలోనే.

ఆ అనుమానం ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లయి లంకకి వచ్చిన కొత్తలో ఇద్దరు మనుషులు ఎర్రజెండాలు పాతుకుంటూ ఒడ్డంతా తిరిగారు. బడి కట్టడానికి కొలతలన్నారు. ఆవిడ భర్త వాళ్లని దగ్గరుండి పడవలో తిప్పాడు, బొండాలు కొట్టి ఇచ్చాడు. మూడు నెలలకి ఆ జెండాల దగ్గరే ఇసుక తవ్వకం మొదలైంది. రెండు వరదలు తిరిగేసరికి ఒడ్డు జారిపోయి వాళ్ల ముప్పావు ఎకరం దొండతోట నీళ్లలో కలిసింది. భర్త దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు. అన్నం తింటూ తింటూ ఒక్కోసారి చెయ్యి ఆపేసి నదివైపు చూసేవాడు, అంతే. ఆరేళ్ల కిందట ఆయన పోయాక పడవ తోసే గెడ ఆవిడ చేతికొచ్చింది. పడవకి ఇంజిను పెట్టించుకుంది, ఎక్కినవాళ్ల చేత లైఫ్ జాకెట్ వేయించడం నేర్చుకుంది. యాభై నాలుగేళ్ల మనిషి, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది.

మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే తొమ్మిది మంది తెల్లవాళ్లు రోడ్డు వైపు రేవులో దిగారు. వాళ్లని వ్యానులో తెచ్చినవాడు రాజమండ్రి డ్రైవరు యెహెజ్కేలు.

“ఎవరింటికండి?” అంది మహాలక్ష్మమ్మ.

“ఎవరింటికీ కాదండి పిన్నిగారూ. ఊరికే నడవడానికొచ్చారు.”

“నడవడానికా? రాజమండ్రిలో రోడ్లు లేవా?”

“వీళ్లు జర్మనీ వాళ్లండి. మా ఊరి శివార్లో ఒక ఫ్యాక్టరీకి పెద్ద మిషను బిగిస్తున్నారు. ఏడాది పని. అందరూ ఒకే అపార్టుమెంట్లో ఉంటారు. ఆదివారం వస్తే చాలు, పచ్చగా ఉన్నచోట నడవాలంటారండి. పాపికొండలయ్యాయి, కడియం తోటలయ్యాయి. ఇప్పుడు లంకలంట.”

ఆవిడ వాళ్లని ఎక్కించుకుంది కానీ, కళ్లు వాళ్ల చేతుల మీదే ఉన్నాయి. ప్రతివాళ్ల దగ్గరా రెండేసి కర్రలు. చివర సన్నటి ఇనపమొన. లంకలో దిగాక రెండు కర్రలూ నేలలో పొడుచుకుంటూ గబగబా నడిచి వెళ్లారు. వాళ్లు కనుమరుగయ్యాక ఆవిడ వెళ్లి చూసింది. మెత్తటి ఒండ్రులో వేలెడు లోతు గుంటలు, బారులు తీరి ఉన్నాయి.

“మట్టి పరీక్ష చేస్తన్నారు,” అంది పొరుగింటి రత్తమ్మతో.

రత్తమ్మ నోట పడ్డ మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. కింద గ్యాసు ఉందన్నారు కొందరు. కాదు, రొయ్యల చెరువులకి చూస్తున్నారన్నారు ఇంకొందరు. రోజూ పడవలో వచ్చి పోయే బడిపంతులు చంద్రరావు మాస్టారు మాత్రం, “కాళ్లకి భారం తగ్గడానికి వాడే కర్రలమ్మా అవి,” అని చెప్పి చూశారు. “అంత గబగబా నడిచేవాళ్లకి కాళ్ల నొప్పులేంటండి మాస్టారూ?” అని ఆవిడ కొట్టిపారేసింది.

నాలుగో ఆదివారం తర్వాత గీతలు కనిపించాయి. రత్తమ్మ కొబ్బరిచెట్టు మొదట్లో అరచేయంత పసుపురంగు గీత. మోటారు షెడ్డు గోడ మీద ఒకటి. దాని పక్కన బాణం గుర్తు. మహాలక్ష్మమ్మ వాటి వెంట పోయింది. అవి లంక రేవు నుంచి అరటితోటల మధ్యగా, లంక చివర సన్నబడే తోక దాకా వెళ్లి, ఒడ్డు పట్టుకుని తిరిగి రేవుకొచ్చాయి. వెనకట ఎర్రజెండాలు పాతి, ఒడ్డు జారిపోయిన చోటు పక్కనుంచే పోయాయి.

కొడవలితో అన్నీ గీకేసింది. ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఆదివారం వాళ్లలో పెద్దాయన, అరవై దాటిన రైనర్, సంచీలోంచి డబ్బా, కుంచె తీసి ఓపిగ్గా మళ్లీ వేసుకుంటూ పోయాడు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో, నది నడుమ, ఆవిడ ఇంజిను ఆపేసింది.

“ఏమైందండి?” అన్నాడు యెహెజ్కేలు.

“గీతలెందుకో చెప్పేదాకా పడవ కదలదు.”

పడవ నెమ్మదిగా వాలుకి జారుతోంది. యెహెజ్కేలు ఇంగ్లీషులో చెప్పాడు. తొమ్మిది మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రైనర్ ఫోన్లో ఒక పాత ఫోటో వెతికి చూపించాడు. ఏదో అడవి. చెట్టుకి అలాంటిదే పసుపు గీత.

“ఆయనది మూడొందల మంది ఉండే చిన్న పల్లెటూరంటండి. అక్కడ నడిచేవాళ్లకి ఒక సంఘం ఉందంట. ఆ చెట్టు మీద గీత వాళ్ల నాన్న వేసిందంట. కొత్తవాళ్లు ఎవర్నీ అడగకుండా దారి తెలుసుకోడానికంట.”

“అడక్కుండా ఎందుకు నడవాలి? అడిగితే చెప్పమా?”

ఆ మాట యెహెజ్కేలు చెప్పేసరికి రైనర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా ఏదో అన్నాడు.

“ఎవర్నడగాలి అంటన్నాడండి.”

“చెట్టు ఎవరిదైతే వాళ్లని.”

ఇంజిను మళ్లీ మోగింది. వచ్చే వారం రైనర్ యెహెజ్కేలుని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడిగాడు. ఎక్కువమంది వద్దన్నారు. ఆయన ఒక్కడే ఎండలో కిరసనాయిల్లో ముంచిన గుడ్డ పట్టుకుని గీతలన్నీ తుడిచాడు. మహాలక్ష్మమ్మ మజ్జిగ పంపించింది గానీ, తుడుస్తున్నంతసేపూ దూరం నుంచి కాపలా కాసింది.

అక్కడితో అయిపోయిందనుకుంది. నడి వేసవిలో వెంకటరాజు అనే భూముల బ్రోకరు హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

“ఎవరింటికండి?”

“ఎవరింటికీ కాదమ్మా, ఊరికే చూడ్డానికి.”

ఆవిడ చెవులు నిక్కాయి. పడవలో వాళ్లు ఫోను మీదకి వంగి మాట్లాడుకుంటున్నారు. తోక దగ్గర కాటేజీలంట, సూర్యాస్తమయమంట. తొంగి చూస్తే ఫోన్లో చిలకలంక, దాని చుట్టూ పసుపు గీత. చెట్ల మీద తుడిచినది అక్కడ చెక్కు చెదరకుండా ఉంది.

చంద్రరావు మాస్టారు ఆ సాయంత్రం వెతికి చూసి చెప్పారు. “నడక దారులు పెట్టుకునే సైటమ్మా ఇది. రైనర్ పేరుతోనే ఉంది. ఫోటోలు కూడా పెట్టాడు. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు.”

మర్నాడే ఆవిడ మాస్టారిని తీసుకుని రాజమండ్రి వెళ్లింది. అపార్టుమెంట్లో రైనర్ తలుపు తీసి, ఆవిడని చూసి సంతోషంగా చేతులు జోడించాడు. ఆవిడ జోడించలేదు. మాస్టారు విషయం చెబుతుంటే ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. నిలబడే ఫోను తీసి, ఆ గీతని ఆవిడ ఎదురుగానే తీసేశాడు.

“నిజంగానే తీశాడా?” అంది మెట్లు దిగుతూ.

మాస్టారు చూసి, “తీశాడమ్మా, పోయింది,” అన్నారు. అయినా ఆవిడ బస్సులో రెండుసార్లు చూపించుకుంది. కానీ వెంకటరాజు దాన్ని అప్పటికే తన ఫోన్లోనూ, పెద్దమనిషి ఫోన్లోనూ దాచిపెట్టాడు. తోక దగ్గర ముగ్గురు రైతులు అమ్మడానికి మెత్తబడ్డారు.

పెద్దమనిషి రెండోసారి వచ్చినప్పుడు, వెంకటరాజు రైతులతో మాటల్లో ఉండగా ఆవిడ ఆయన పక్కకి వెళ్లి నిలబడింది.

“అయ్యా, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. శ్రావణంలో ఒకసారి రండి.”

ఆయన ఆవిడ వైపు అనుమానంగా చూశాడు. “నిన్నెవరు చెప్పమన్నారు?”

“ఎవరూ చెప్పలేదండి. రండి, అంతే.”

వస్తాడని ఆవిడ అనుకోలేదు. శ్రావణంలో గోదావరి ఎర్రబడి పొంగుతున్న రోజున, ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇంకా ఎగరెయ్యకముందు, కారు రోడ్డు వైపు రేవులో ఆగింది. వెనకే పరుగున వెంకటరాజు. ఆవిడ ఇద్దరికీ జాకెట్లు వేయించి, పడవని లంక రేవుకి కాకుండా ఒడ్డు పట్టుకుని తోక వైపు తిప్పింది. నీళ్ల మీద అరటి ఆకుల చివర్లు మాత్రం కదులుతున్నాయి. అక్కడ ఇంజిను తగ్గించింది.

“ఇప్పుడు ఫోను చూడండయ్యా.”

చూశాడు. ఆయన ఎక్కడున్నాడో చూపించే చుక్క సరిగ్గా పసుపు గీత మీద ఉంది. తలెత్తి చుట్టూ చూశాడు, నీళ్లే.

“ఏడాదికి ఎన్నాళ్లిలా?” అని వెంకటరాజుని అడిగాడు.

“ఏదో వారం సార్.”

“కిందటేడు నెల్లాళ్లండి,” అంది మహాలక్ష్మమ్మ. “ఒడ్డు ఆరడుగులు పోయింది. నాది ముప్పావు ఎకరం ఈ పడవ పక్కనే నీళ్ల కింద ఉంది.”

పెద్దమనిషి పడవని వెనక్కి తిప్పమన్నాడు. రేవులో దిగి కారెక్కాడు. మళ్లీ రాలేదు. వెంకటరాజు ఆవిడ మీద ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆ ముగ్గురు రైతుల్లో ఒకడు ఇప్పటికీ ఆవిడతో మాట్లాడడు. అమ్ముకునే అవకాశం పోగొట్టిందని అతని కోపం. అది కూడా న్యాయమేనని ఆవిడ ఒప్పుకుంటుంది.

చలికాలానికి ఫ్యాక్టరీలో యంత్రం తిరగడం మొదలైంది. జర్మనీ వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరగా మిగిలిన రైనర్ ఒకరోజు కర్రలు లేకుండా, డబ్బా లేకుండా వచ్చాడు. యెహెజ్కేలు ఒడ్డునే ఉండిపోయాడు.

“మీరు కూడా నడవాలంటండి,” అని అక్కణ్ణించే కేకేశాడు. “వెళ్లిపోతన్నాడు, కాదనకండి పిన్నిగారూ.”

పని లేకుండా లంక చుట్టూ నడవడం ఆవిడ జన్మలో చేసింది కాదు. ఆయన్ని ముందు నడవనిచ్చి, నాలుగడుగుల వెనక నడిచింది. ఎదురుపడ్డ ప్రతివాళ్లనీ ఆయన వచ్చీరాని తెలుగులో దారి అడిగాడు. అందరూ చెయ్యి చూపించి చెప్పారు. తోక దగ్గర ఇసుకలో కూర్చున్నాక సంచీలోంచి గట్టి రొట్టె తీసి సగం విరిచి ఆవిడకిచ్చాడు. ఆయన తినేదాకా ఆవిడ చేతిలోనే పట్టుకుంది. తర్వాత చిన్న ముక్క కొరికింది. పుల్లగా ఉంది. అయినా పారెయ్యలేదు, నీళ్ల వైపు చూస్తూ మొత్తం తినేసింది.