మొదటి బహుమతి ఫోటోకి దండ

ఫోటోగ్రఫీ మ్యూజియం అంటే ఇప్పటివాళ్ళు ఏం ఊహించుకుంటారో నాకు తెలియదు. విశాఖపట్నంలో మాకున్నది మాత్రం వన్‌టౌన్‌లో ఒక పాత మేడ మీద రెండు గదులు. ముందు గదిలో నల్లగుడ్డ కప్పిన స్టాండు కెమెరాలు, రేవు తవ్వుతున్న రోజుల నాటి గాజు నెగెటివ్‌లు, గోడల నిండా సభ్యుల ఫోటోలు. వెనక గది డార్క్‌రూమ్. ఈ రెండింటినీ నడిపేది ఊళ్ళోని ఫోటోగ్రాఫర్ల సంఘం. సీతమ్మధార డాక్టర్లు, స్టీల్ ప్లాంట్ కట్టడానికి వచ్చిన ఇంజనీర్లు, నేవీవాళ్ళు, ఒకరిద్దరు కాలేజీ మేష్టార్లు. డెబ్భైల చివర్లో నేను అందులో సభ్యురాలినయ్యాను.

నేను పోర్టు ఆఫీసులో గుమస్తాని. మా పేట సముద్రం ఒడ్డునే. మా అమ్మ చేపలమ్మేది. నాన్న నా చిన్నప్పుడే వేటకెళ్ళి తిరిగి రాలేదు. మా ఇంట్లో అప్పటికి ఉన్న ఫోటో ఆయనదొక్కటే. ఎవరి పెళ్ళిలోనో నిలబడ్డ గుంపులోంచి ఆయన ముఖం ఒక్కటే పెద్దది చేయించి, బొట్టు పెట్టి, దండ వేసి, కింద దీపం పెట్టేవాళ్ళం. కెమెరా మీద నాకు పిచ్చి పట్టడానికి అదే కారణమేమో. బతికున్నప్పుడే మనిషిని సరిగ్గా ఒక ఫోటో తీసి ఉంటే ఈ అరకొర ముఖం గతి ఎందుకు పట్టేదని నాకు ఉక్రోషంగా ఉండేది.

సంఘంలో కార్యక్రమాలకేం తక్కువ లేదు. నెల మొదటి ఆదివారం అందరూ కెమెరాలు తగిలించుకుని ఫిషింగ్ హార్బరుకో సింహాచలం కొండకో వెళ్ళేవారు. బుధవారం సాయంత్రాలు ఒకరి ఫోటోలను ఒకరు విమర్శించుకునే సభ. ఇక మహిళా దినం అని ఒకటుండేది. ఆ రోజు సభ్యుల భార్యలూ, నాతోపాటు ఉన్న మరో ముగ్గురు ఆడ సభ్యులూ వస్తే, పకోడీలు, టీ ఇచ్చి, ఆల్బమ్‌లో ఫోటోలు ఎలా అతికించుకోవాలో నేర్పేవారు. ఆల్బమ్ అతికించడం! పక్క గదిలో అదే సమయంలో మగవాళ్ళు ఫిల్ము కడగడం నేర్చుకుంటుంటే మేం ఇక్కడ మూలలకి జిగురు రాసుకుంటూ కూర్చోవాలట. నాకు ఒళ్ళు మండిపోయేది.

"డార్క్‌రూమ్ మాక్కూడా ఇవ్వండి సార్" అని కార్యదర్శిని అడిగాను. ఆయన మంచి మనిషే, మర్యాదస్తుడు. అందుకే ఆయనతో పోట్లాడడం మరీ కష్టం.

"లోపల గడియ వేసుకోవాలి కదమ్మా. చీకటి గది. రేపు ఎవరైనా ఏమైనా అంటే?"

"నేనొక్కదాన్నే వేసుకుంటాను సార్. గడియ లోపల నేనొక్కదాన్నే ఉంటే ఎవరేమంటారు?"

ఆయన నవ్వి, కమిటీలో పెడతానన్నారు. కమిటీలో పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. నేను వదల్లేదు. ప్రతి బుధవారం సభ అయిపోగానే లేచి అదే మాట అడిగేదాన్ని. కొందరు నేను లేవగానే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టేవారు. అయినా సరే, అడిగేదాన్ని. చివరికి విసుగెత్తి కాబోలు, శనివారం మధ్యాహ్నాలు డార్క్‌రూమ్ నాదన్నారు. ఆఫీసు ఒంటిపూట అయ్యీ అవగానే సిటీ బస్సు పట్టుకుని పరిగెత్తేదాన్ని.

ఆ గదిలో నేను మొదట ప్రింటు చేసింది మా అమ్మనే.

ఆ ఫోటో తీసింది మా ఒడ్డునే, తెల్లారగట్ల. పడవలు ఇంకా రాలేదు. అమ్మ ఖాళీ గంపని నడుముకి ఆనించుకుని, అడ్డపొగ పీలుస్తూ నిలబడింది. మా వైపు ఆడవాళ్ళు చుట్ట అలాగే కాలుస్తారు, నిప్పు కొస నోట్లో పెట్టుకుని. బయటికి కనిపించేది చిన్న ముక్కే. బుగ్గలు లోపలికి పోయి, పొగకి కళ్ళు చికిలించి సముద్రం వైపు చూస్తోంది. నేను కెమెరా ఎత్తాను.

"ఏటే, ఆ డబ్బా తెచ్చి నా మొకం మీద ఎట్టినావు? పడవలొచ్చేత్తన్నాయి, తప్పుకో" అంది, చుట్ట నోట్లోంచి తియ్యకుండానే.

తప్పుకునే ముందు నొక్కేశాను. ఎర్రలైటు కింద, మందు నీళ్ళ ట్రేలో, తెల్ల కాగితం మీద ముందు అమ్మ కనుబొమ్మలు తేలాయి. తరవాత కళ్ళు. తరవాత నా మీద ఆవిడకి ఉన్న విసుగు మొత్తం. ఆ గదిలో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను కూడా. నాన్న ముఖంలా ఎవరి పెళ్ళి ఫోటోలోంచో కోసుకున్న ముఖం కాదది. ఇది అచ్చంగా మా అమ్మ.

సంఘం వార్షిక ప్రదర్శనకి ఆ ఫోటో ఇచ్చాను. కింద పేరు 'మా అమ్మ' అని రాశాను. దానికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి వచ్చిన ఫోటో మ్యూజియం గోడ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. కానీ కార్యదర్శి పిలిచి, "'మా అమ్మ' అంటే ఇంటి ఆల్బమ్ పేరులా ఉందమ్మా. జడ్జీలు 'నిరీక్షణ' అని సూచించారు. ఆ కళ్ళలో ఎంత వేదన ఉందో చూడు" అన్నారు.

వేదనా, నా మొహమా! అది చుట్ట పొగ. చెప్పబోయి నోరు మూసుకున్నాను. డార్క్‌రూమ్ దొరికి నెలలు కూడా కాలేదు, ఇప్పుడే పేచీ ఎందుకులే అనిపించింది. పేరే కదా, పెట్టుకోనీ అనుకున్నాను.

ప్రదర్శన మొదటి రోజు సభ్యులు తమవాళ్ళని తెచ్చుకోవచ్చు. అమ్మని, పిన్నిని రమ్మన్నాను.

"నా మొకం సూడ్డానికి జనాలు మేడెక్కుతారేటే?" అంది అమ్మ. అన్నదే గానీ ఆ రోజు చేపలు పెందలాడే అమ్మేసి, తలంటుకుని, పెట్టెలోంచి నేత చీర తీసుకుంది.

నేను ముందే వెళ్ళాను. గది ఊడ్చి, కుర్చీలు సర్దారు. ముఖ్య అతిథిగా ఒక పెద్ద అధికారి వస్తున్నారు. ఆయన కోసం బల్ల మీద రోజాల దండ సిద్ధంగా ఉంది. నేను తల తిప్పి గోడ వైపు చూశాను. చూసి, అక్కడే ఆగిపోయాను.

మా అమ్మ ఫోటోకి చామంతుల దండ వేసి ఉంది. ఫ్రేము మీద నుంచి రెండు వైపులా కిందికి వేలాడుతోంది. కింద స్టూలు మీద ఇత్తడి దీపపు కుంది, రెండు అగరొత్తులు.

వాళ్ళు కావాలని చేసింది కాదు, అది నేనొప్పుకుంటాను. మొదటి బహుమతి ఫోటోకి దండ వేసి, దాని ముందు అతిథి చేత దీపం వెలిగించడం సంఘానికి మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ. అప్పటిదాకా ఆ బహుమతి వచ్చినవన్నీ ఓడలు, కొండలు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద సూర్యోదయాలు. ఓడకి దండ వేస్తే ఎవరికేం బాధ? మనిషి ముఖానికి రావడం ఇదే మొదటిసారి. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. అలవాటు ప్రకారం దండ తెచ్చారు, అలవాటు ప్రకారం తగిలించారు.

"సార్, దండ తీసేయించండి. మనిషి బతికే ఉంది" అన్నాను.

కార్యదర్శి నాలుక కరుచుకున్నారు. ఆ తరవాత వాచీ చూసుకున్నారు. "నిజమే, తట్టలేదమ్మా. కానీ కారు బయల్దేరిపోయింది. ఇది ఫోటోకి వేసిన దండ, మనిషికి కాదు. పదినిమిషాల పనికి రాద్ధాంతం ఎందుకు?"

"పదినిమిషాలైనా సరే సార్. మా అమ్మ వస్తోంది."

"చూడమ్మా" అని గొంతు తగ్గించారు. "నీ శనివారాల గురించి కమిటీలో ఇప్పటికే గుసగుసలున్నాయి. ఇవాళ ఇక్కడ గొడవ చేస్తే నేను అడ్డం పడలేను. ఆలోచించుకో."

ఆలోచించాను. అబద్ధమెందుకు, నిజంగానే ఆలోచించాను. ఆ ఎర్రలైటు, ఆ ట్రేలు, లోపల నేను వేసుకునే ఆ గడియ. అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంతలో మెట్ల మీద అధికారిగారి బూట్ల చప్పుడు, ఆయన వెనకాల మా పిన్ని గొంతు. అందరూ ఒకేసారి గదిలోకి వచ్చారు. పిన్ని గోడ వైపు చూసింది.

"ఓలమ్మో! ఓలప్పో! నువ్విక్కడుండగానే నీకు దండేసీసినారే!" అని నోరు కొట్టుకుంటూ ఏడుపందుకుంది.

అమ్మ ఫోటో దగ్గరికి వెళ్ళి, కుందిని చూసింది, అగరొత్తులు చూసింది, ఫోటోలో తనని తాను చూసుకుంది. వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"ఏటే ఇది? మీ అయ్య పక్కన నాకూ సోటు సూసినారేటి?"

ఆ మాటతో నా ఆలోచన అయిపోయింది. సంఘంలో అడుగుపెట్టినప్పటి నుంచీ నేను పుస్తకాల భాషే మాట్లాడేదాన్ని. ఆ రోజు అది కూడా వదిలేశాను.

"నాను తీసేత్తన్నాను సార్. ఇలాగ దండేసి దీపమెట్టేది సచ్చిపోయినోలకి. మా అమ్మ బతికుంది. మీ గదీ వద్దు, మీ శనివారాలూ వద్దు!"

కుర్చీ లాక్కుని ఎక్కి దండ లాగేశాను. అగరొత్తులు నలిపేశాను. కుంది ఎవరూ వెలిగించకుండా చేతిలోకి తీసుకున్నాను. అతిథిగారు ఏం జరుగుతోందో తెలియక అందరి ముఖాలూ చూస్తున్నారు. దండ కింద పారేయబోతుంటే అమ్మ నా చేతిలోంచి అందుకుంది.

పూలు దులిపి, సరిచేసి, తిన్నగా అతిథిగారి దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఈ దండ నాకే గదా తెచ్చినారు? గోడకెందుకు? నాను బతికే ఉన్నాను. నా మెడలో ఎయ్యండి."

"అమ్మా, అతిథిగారు అలా..." అంటూ కార్యదర్శి అడ్డం రాబోయారు.

"ఆ బాబు దండ బల్ల మీదుంది గదా, సూసినాను. ఇది నాది" అంది అమ్మ, ఆయన వైపు చూడకుండానే. తల కాస్త వంచి నిలబడింది.

నాన్న పోయాక మా అమ్మ పువ్వు ముట్టుకోవడం నేనెరగను. ఎవరైనా పెళ్ళిలో చేతికి పూలిచ్చినా పక్కవాళ్ళకి ఇచ్చేసేది. ఆవిడ అలా మెడ వంచి నిలబడితే పిన్ని ఏడుపాపేసి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అధికారిగారు రెండు చేతులతో దండ అందుకుని అమ్మ మెడలో వేశారు. వేసి నమస్కారం పెట్టారు. అమ్మ తిరిగి నమస్కారం పెట్టి, దండ సర్దుకుని, ముందు వరస కుర్చీలో కూర్చుంది. సభ అయిపోయేదాకా కదల్లేదు.

ఊళ్ళో ఉన్న కెమెరాల్లో సగం ఆ గదిలోనే ఉన్నాయి. ఒక్కడైనా నొక్కాడా? గుడ్లప్పగించి చూశారు తప్ప ఒక్కరూ ఫోటో తీయలేదు. నేనైనా తీద్దునేమో, నా రెండు చేతుల్లో నూనె కుంది ఉంది.

సభ ముగిశాక ఫ్రేము గోడ నుంచి దింపి చంకన పెట్టుకున్నాను. "అది మ్యూజియం ఆస్తి" అన్నారు ఎవరో.

"మా అమ్మ ఎవరి ఆస్తీ కాదు" అన్నాను.

అమ్మ దండతోనే మెట్లు దిగింది. దండతోనే సిటీ బస్సెక్కింది. కండక్టరు "ఏటమ్మా, సన్మానమా?" అంటే, "అవును బాబూ" అంది. పేటలో ఇంటిదాకా అలాగే నడిచింది. ఎవరో నోరు నొక్కుకున్నారు, ఎవరో వెటకారం చేశారు. ఆవిడ చెవిన పడనిస్తేగా!

ఆ నెలలోనే కమిటీ నా శనివారాలు తీసేసింది. పోతే పోనీ. మా పెరట్లో తడికల స్నానాలగది ఉంది. దానికి దుప్పట్లు కట్టి, ఎర్ర కాగితం చుట్టిన బల్బు పెట్టుకున్నాను. మహిళా దినం పకోడీల దగ్గర పరిచయమైన ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు అక్కడికే రావడం మొదలుపెట్టారు. వాళ్ళకి ఫిల్ము కడగడం నేర్పాను. ఆల్బమ్ మాత్రం ఎవరికీ అతికించి చూపించలేదు. మా అమ్మ తడిక బయట పీటేసుకుని కూర్చుని, ఎవరైనా స్నానానికని వస్తే, "లోపల పని జరగతంది, తరవాత రా" అని తరిమేసేది. మరుసటి ఏడాది నుంచి సంఘంవాళ్ళు ఫోటోలకి దండలు వేయడం మానేశారని విన్నాను. వాళ్ళెవరూ నాతో చెప్పలేదు, నేనూ వెళ్ళి అడగలేదు.

ఎనభైల చివర్లో అమ్మ పోయింది. పెద్ద జబ్బేం కాదు, నాలుగు రోజుల జ్వరం. పదకొండో రోజున పిన్ని చామంతుల దండ కొనుక్కొచ్చింది. నాన్న ఫోటో పక్కన మేకు కొట్టి అమ్మ ఫోటో తగిలించాను. ఫ్రేము కింద 'నిరీక్షణ' అన్న చీటీ పీకేసి, నా చేత్తో 'మా అమ్మ' అని రాసి అంటించాను. పిన్ని దండ చాపింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"వద్దు పిన్నీ."

"వద్దేటే? పోయినోలకి దండెయ్యరేటి?"

"ఆవిడ దండ ఆవిడే వేయించుకుంది. నువ్వూ చూశావు కదా."

పిన్ని చేతిలో దండతో చాలాసేపు ఫోటో వైపు చూసింది. అమ్మ చుట్ట నోట్లో పెట్టుకుని, మా ఇద్దర్నీ తప్పుకోమన్నట్టు చూస్తోంది.

"దండ లేపోతే బతికున్న మనిషిలాగే ఉందే" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ.

"ఉండనీ" అన్నాను.